పద్నాలుగో వరుస పిల్ల

కుప్పం,
20 జనవరి 2025

పుంగనూరు సౌండ్ సర్వీసు మహారాజశ్రీ రెడ్డెప్పన్నకి, నీ చెల్లెలు స్వర్ణలత రాసేది.

ఈడ అందరం బాగుండాం. నువ్వు బాగుండావని నీ కొడుకు మునిశేఖర్ సెప్పినాడు. నీకు ఫోను చేసి ఏం లాభం. చెవి మిషను డబ్బాలో దాచిపెట్టి, "ఎవురు, పెండ్లి ఎన్నో తేదీ, మైకులు ఎన్ని" అని అరుస్తావు. పోయిన నెల నా మోకాళ్ల నొప్పి గురించి సెప్తే రెండు సౌండ్ బాక్సులకి బుకింగ్ రాసుకున్నావంట. అందుకే కాగితం తీసినా.

సంగతేమంటే, నా మనవరాలు కీర్తన ఉండాదే, చిన్నప్పుడు నీ ఒళ్ళో కూర్చోని మైకులో హలో హలో అనేది, ఆ పిల్లకి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వచ్చింది. మార్చి ఒకటో తేదీ బెంగళూరు నుంచి వైజాగు పోయే విమానంలో డ్యూటీ. కంపెనీవాళ్ళు ఇంట్లోవాళ్ళకి టికెట్టు ఇస్తారంట. "అవ్వా, ఫస్టు నువ్వే ఎక్కాల, వేరే ఎవురూ వద్దు" అని పట్టు పట్టుకోనుండాది. మీ బావ అప్పుడే సూట్‌కేసు దించి, తుడిచి, దినామూ కాటా మీద పెట్టి తూకం సూస్తాండాడు. టికెట్టు నాకు, తూకం ఆయనకి.

నాకు భయంగా ఉండాది. భయం పెట్టినోడివి నువ్వే. మదనపల్లి టాకీసులో ఆదివారం మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళు గదా. వేసినప్పుడల్లా విమానం సినిమానే. ఊర్లో ఒక్కనికీ ఇంగ్లీషు రాదు, నీకూ రాదు, అయినా మైకు నీ చేతిలో ఉండాది గాబట్టి కథ సెప్పేవాడివి నువ్వు. "సూడండమ్మా, నల్లకోటు వాని పెట్టెలో బాంబు ఉండాది" అంటావు, బెంచీ టికెట్టు ఆడోళ్ళంతా కొంగు నోట్లో కుక్కుకుంటారు. మ్యాట్నీకి టైం అయిపోతాదని ఓనరు ఆఖరి రీలు వేయనిచ్చేవాడు కాదు. లైట్లు వేసేసి, ముగింపు నువ్వు నోటితో సెప్పి జనాన్ని బయటికి తోలేవాడివి.

1981లో ఎర్ర స్వెటరు పిల్ల సినిమా. గుర్తుండాదా? ఇంట్లో సెప్పకుండా ఉద్యోగానికి పోయే పిల్ల. పద్నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చోనుంటాది. విమానం మంచులో దిగింది, అందరూ బతికినారు, ఆ పిల్ల ఒక్కతే సచ్చిపోయింది అన్నావు. కీర్తన నాకు చేసిన సీటు ఎన్నో వరుసో సెప్పుకో సూద్దాం. పద్నాలుగు. కిటికీ పక్కనే.

ఆ పొద్దు నుంచి నాకు ఆ సినిమా మనసులో అట్లే ఉండాది. దానికి నా కారణం నాకుండాది. నువ్వు పొమ్మంటే పోతా, వద్దంటే మానేస్తా. ఒక్క ముక్క రాయి.

నీ మాట మీదనే బతికే
స్వర్ణ

పుంగనూరు,
25 జనవరి 2025

ఆకాశంలో ప్రయాణం కట్టిన కుప్పం దొరసాని స్వర్ణమ్మకి, భూమ్మీదనే ఉండే అన్న రెడ్డెప్ప దీవెనలు.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ దొరస్వామి తెచ్చి ఇచ్చినాడు. ఈ వీధిలో బ్యాంకు నోటీసు కాకుండా ఉత్తరం వచ్చేది నాకొక్కనికే అని ఆయనకి నా మీద శానా గౌరవం.

విమానం అంటే నన్ను అడిగినావు, మంచి పని చేసినావు. నేను ఎక్కింది లేదు గానీ, కనీసం పదకొండు విమానాల్ని నా నోటితో దించినా. అనుభవం మీద సెప్తా, రాసిపెట్టుకో. ఎక్కేముందు తోటి మనుషుల్ని బాగా సూసుకో. పెట్టె ఒళ్ళో పెట్టుకోని సెమటలు పట్టే మనిసి ఉండాడా, దిగిపో. మొగుడూ పెండ్లాలు ఎక్కంగానే కొట్లాడుకుంటాండారా, మంచిదే, ఇంజన్ ఆగినాక కరుసుకోని ఏడుస్తారు. జబ్బు పిలకాయ ఉంటే విమానం ఖాయంగా మంటల్లో దిగతాది. తాగుడు మానలేక ఉద్యోగం పోగొట్టుకున్న డాక్టరు ఒకడు వెనక సీట్లో నిద్రపోతా ఉంటాడు, వాన్ని లేపి పెట్టుకో. పైలట్‌కి నలభై దాటిందా అని అడుగు. దాటుంటే గుండెపోటు తప్పదు, ఆ తర్వాత విమానం నడపాల్సింది ఎయిర్ హోస్టెస్. మన కీర్తనకి స్కూటీ రివర్సు తీయడం వచ్చినాదా?

ఇంక పద్నాలుగో వరుస అంటావా. ఆ పిల్ల సచ్చిపోయిన మాట నిజం. సెప్పింది నేనే గదా, నాకు తెలీకుండా సస్తాదా. హాయిగా ఇంట్లో కూర్చోని సంగటీ ఊరిబిండీ తిను. సముద్రం యాడికీ పోదు.

మీ వదిన మోకాళ్లకి నూనె పంపుతా అంటాండాది. సౌండ్ బాక్సులు క్యాన్సిల్ చేసినా.

భూలోకం నుంచి
మీ అన్న

కుప్పం,
1 ఫిబ్రవరి 2025

అన్నకి,

నీ ఉత్తరం వచ్చింది. మీ బావ దాన్ని వసారాలో నిలబడి, పెండ్లి పత్రిక సదివినట్ల గట్టిగా సదివినాడు. పక్కింటోళ్ళు నవ్వినారు. నేను నవ్వలేదు. "ఆ పిల్ల సచ్చిపోయిన మాట నిజం" అనే కాడ లేచి లోపలికి పోయినా.

కీర్తనకి ఫోను చేసి నేను రానమ్మా అని సెప్పేసినా. యాల అవ్వా అని అడిగింది. నలభై నాలుగేండ్ల కిందట మా అన్న మైకులో ఒకమ్మిని సంపినాడు, అందుకని, అంటే బాగుంటాదా? మోకాళ్లు అన్నా. ఆ పిల్ల "నాకు తెలుసులే. విమానంలో జనాలకి నీళ్ళూ టీలూ అందించే పని, మనవరాలు అట్ల చేస్తాంటే సూడడానికి నీకు నామోషీ" అని పెట్టేసింది. నాలుగు దినాలు ఫోను ఎత్తలేదు. నా బిడ్డ నన్ను అంత మాట అనుకునింది, అందులో నీ ఎగతాళికి సగం వాటా ఉండాది.

నామోషీ నాకా? నీకు ఈ పొద్దు ఒక మాట సెప్తా. మీ బావకి కూడా సెప్పలేదు. 1981లో బెంగళూరులో చేతి గడియారాలు చేసే ఫ్యాక్టరీకి అప్లికేషను పెట్టినా. పరీక్ష రాసేదానికి పోయింది స్నేహితురాలి పెండ్లి అని సెప్పి. ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం నాలుగు మడతలు పెట్టి దాచుకున్నా. సోమవారం పొద్దున్నే బస్సెక్కాలని సంచి కూడా సర్దినా. ఆదివారం, ఆఖరిసారి మా అన్న కథ వినిపోదామని టాకీసుకి వచ్చినా.

నువ్వేం సెప్పినావో గుర్తుండాదా? "ఇంట్లో సెప్పకుండా పోయే ఈ అమ్మి బ్యాగులో సూడండి, నాలుగు మడతల ఉద్యోగం కాగితం" అన్నావు. దేవుడు మా అన్న నోటితో నాకే సెప్తాండాడు అనుకున్నా. ఇంటికి వచ్చి కాగితం చించి పొయ్యిలో పెట్టినా. మర్సటి ఏడు పెండ్లి చేసుకోని కుప్పానికి వచ్చినా. మీ బావ మంచోడే, దాని గురించి కాదు నేను సెప్పేది.

నిన్న ఆ పిల్లే మెత్తబడి మెసేజీ పెట్టింది. మోకాళ్ల మాట అబద్ధమని వాళ్ళ తాత సెప్పేసినాడంట, విమానం సినిమా అంటే భయమని. ఆ సినిమా యాడుందో నెట్లో వెతికి పట్టుకోని, ఆదివారం వచ్చి నా పక్కన కూర్చోని, ఒక్కో మాటా తెలుగులో సెప్తాదంట. నీ ఉద్యోగానికి ఎసరు వచ్చింది, సూసుకో.

స్వర్ణ

పుంగనూరు,
6 ఫిబ్రవరి 2025

మే స్వర్ణా,

నీకు ఎగతాళి ఏదో, నిజం ఏదో ఇంకా తెలీలేదా? నేను రాసిందంతా తమాషాకి. నువ్వు విమానం ఎక్కు. పద్నాలుగో వరుస చేతికి దొరికిన బంగారం, వదలొద్దు. మోకాళ్లకి జాగా దండిగా ఉంటాదని మునిశేఖర్ సెప్తాండాడు.

కానీ ఆ సినిమా సూడొద్దు. నెట్లో పెట్టే పాత సినిమాలు అసలువి కావంట. కోసి, అతికించి, ఆఖరు మార్చేస్తారంట. మునిశేఖర్ సెప్పలేదు, నాకే తెలుసు. పైగా కంటి ఆపరేషను చేయించుకున్నదానివి, ఆ చిన్న ఫోన్లో మంచు సూస్తే కండ్లు పోతాయి. ఆ పిల్లకి మాత్రం మన పాత ఇంగ్లీషు ఏం అర్థమవుతాది? అది వేరే ఇంగ్లీషు. ఆదివారం పూట బిడ్డని ఇంటికి పిలిపించి సినిమా సూపించమనే అవ్వ యాడన్నా ఉంటాదా, నాలుగు ఓలిగలు చేసి పెట్టు.

ఫ్యాక్టరీ సంగతి ఇన్నేండ్లు యాల సెప్పలేదు? సెప్పుంటే

ఆ పైన వాక్యం పూర్తి కాలేదు, అట్లే వదిలేయి. నూనె బస్సులో పంపినా, కుప్పం డిపోలో అడుగు.

అన్న

కుప్పం,
12 ఫిబ్రవరి 2025

కథ సెప్పే రెడ్డెప్ప గారికి,

నూనె ముట్టింది. సినిమా సూసినాం. కీర్తన దాన్ని పెద్ద టీవీలో పెట్టింది గాబట్టి కండ్లకి ఏమీ కాలేదు. ఓలిగలు కూడా చేసినా, నీ సలహా ఎందుకు వృథా చేయాలని.

శానా సంగతులు తెలిసినాయి. నల్లకోటు మనిసి పెట్టెలో ఉండేది బాంబు కాదు, కూతురి పెండ్లికి తీసుకోనిపోయే కేకు. నలగకూడదని ఒళ్ళో పెట్టుకోనుంటాడు. ఆయన్ని ఊరంతా నలభై నాలుగేండ్లు దొంగనాయాలు అనుకునింది. ముందు వరుసలో గుడ్లురిమే ముసల్దాన్ని కోడలికి విషం పెట్టిందన్నావే, ఆమె ఆ విమానం కంపెనీ ఓనరంట. కొట్లాడుకునే మొగుడూ పెండ్లాలు మొగుడూ పెండ్లాలే కాదు. అన్నాచెల్లెలు. కీర్తన అది సెప్పినప్పుడు మీ బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

ఆఖరి రీలు కూడా సూసినా. మదనపల్లి మనిసి ఒక్కడన్నా సూసుండడు. విమానం మంచులో దిగినాక తలుపు తీస్తారు. ఫస్టు దిగేది ఎర్ర స్వెటరు పిల్ల. మెట్లు దిగింది, జుట్టు సర్దుకునింది, ట్యాక్సీ ఎక్కి ఉద్యోగానికి పోయింది. అంతే సినిమా. సచ్చిపోలేదు, కాలు కూడా బెణకలేదు.

అయినా మిన్నకుండేదాన్ని. ఇంగ్లీషు రానోడు, ఆఖరి రీలు సూడనోడు, ఏదో నోటికొచ్చింది సెప్పుంటాడులే అనుకునేదాన్ని. కానీ ఆ పిల్ల బ్యాగు తీసే సీను వచ్చింది. దువ్వెన ఉండాది, ఒక ఆపిలు పండు ఉండాది. కాగితం లేదు. మళ్ళీ వెనక్కి తిప్పించి సూసినా. మూడుసార్లు తిప్పించినా. నాలుగు మడతల కాగితం ఆ సినిమాలో యాడా లేదు. అది ఉండింది నా ట్రంకుపెట్టెలో, అడుగున పరిచిన పేపరు కింద.

నువ్వు సూసినావు గదా. యాల చేసినావో రాయి. ఈసారి ఎగతాళి లేకుండా రాయి, నీకు చేతనైతే.

స్వర్ణలత

మదనపల్లి బస్టాండు,
17 ఫిబ్రవరి 2025

స్వర్ణకి,

పుంగనూరులో కూర్చోని రాయబోతే చేయి ఆడలేదు. పొద్దున్నే బస్సెక్కి ఈడికి వచ్చినా. టాకీసు జాగాలో ఇప్పుడు కల్యాణ మండపం ఉండాది. మైకులు వేరే ఊరి నుంచి తెప్పించుకున్నారు, సౌండు శానా పాడు. నాకే వినపడిందంటే సూడు.

ఎగతాళి లేకుండా రాయమన్నావు. ఇప్పుడే అయిపోయింది, ఇంక లేదు.

ఆ సినిమా రీళ్ళ డబ్బాలు గురువారం వచ్చినాయి. ప్రింటు సరిగ్గా ఉండాదా అని ఆ సాయంత్రం ఆపరేటరూ నేనూ మొత్తం వేసి సూసినాం, ఆఖరి రీలుతో సహా. ఆ పిల్ల ట్యాక్సీ ఎక్కింది నేను సూసినా. శనివారం ఇస్త్రీ చొక్కా కోసం నీ పెట్టె తీసినా. చొక్కా లాగితే అడుగు పేపరు లేచింది, కాగితం దొరికింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ, నీ పేరు, బెంగళూరు, తేదీ, ఇవి సదవగలను.

అమ్మ పోయి అప్పటికి నాలుగేండ్లు. నాయనకీ నాకూ మాటల్లేక మూడేండ్లు. గాజుల అంగడి వదిలేసి సినిమా బొమ్మల కొట్టంలో గొంతు సించుకునే కొడుకుతో నాయన నారాయణప్ప మాట్లాడడు. ఒకే రూములో ముగ్గురం కూర్చోనుంటాం. "వాడు తింటాడేమో అడుగమ్మా" అని నాయన నీకు సెప్తాడు. "తింటానని సెప్పు స్వర్ణా" అని నేను నీకు సెప్తా. ఊరందరికీ రాని భాషలో కథ సెప్పేవాన్ని, ఇంట్లో నా మాట నాయనకి సెప్పేదానికి నువ్వు కావాల. నువ్వు పోతే ఆ ఇంట్లో ఇంక ఒక్క మాట వినపడదు. అది తలుసుకుంటే నాకు శానా భయమేసింది.

నిన్ను ఉండమని అడగొచ్చు. అడిగితే ఉండేదానివి. కానీ అన్నే నన్ను ఆపినాడని నీకు తెలిసిపోతాది. అందుకే మైకు పట్టుకున్నా. మూడు వందల మంది ముందర ఆ పిల్లని సంపినా, నీ ఒక్కదానికి వినపడాలని. ఆడోళ్ళంతా ఏడ్చినారు. నువ్వు ఏడవలేదు, లేచి పోయినావు. నేను గెలిచినా అనుకున్నా.

మర్సటి ఏడే నీకు పెండ్లి అయిపోయింది. ఆ రూములో ఇంక నాయనా నేనే. ఆయన పోయేదాకా తొమ్మిదేండ్లు, ఒక్క మాట లేదు. అన్నం గిన్నె ఆయన నా పక్కకి తోసేవాడు, నేను తినేవాన్ని. నీ ఉద్యోగం పోయింది, నాకు దక్కింది అది.

తప్పు చేసినా స్వర్ణా. దీనికి వేరే ముగింపు సెప్పడం నాకు రాదు. నువ్వు ఆ విమానం ఎక్కు. బిడ్డ మనసు విరచొద్దు. పద్నాలుగో వరుసలోనే కూర్చో.

రెడ్డెప్ప

కుప్పం,
5 మార్చి 2025

అన్నకి,

పోయినా. వచ్చినా. పద్నాలుగో వరుస, కిటికీ పక్కన. ఎర్ర స్వెటరు లేదు, ఎర్ర పట్టుచీర కట్టుకున్నా. బెంగళూరులో దానికి అందరూ పెండ్లికా అని అడిగినారు.

నీ లిస్టు ప్రకారం మనుషుల్ని సూసుకున్నా. పెట్టె ఒళ్ళో పెట్టుకున్న మనిసి ఒకడు ఉండాడు, సెమటలు కూడా పట్టినాయి. గాల్లోకి పోయినాక పెట్టె తీసి చిత్రాన్నం తిన్నాడు. నాకూ పెట్టినాడు, ఉప్పు తక్కువ. మొగుడూ పెండ్లాలు కిటికీ కోసం కొట్లాడి, ఇద్దరూ నిద్రపోయినారు. పిలకాయ ఒకడు దగ్గినాడు, వాళ్ళమ్మ సిరప్పు తాపింది. పైలట్ మైకులో మూడుసార్లు మాట్లాడినాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. నీలాగా కథ సెప్పడం ఆయనకి రాదు. ఎవురూ సావలేదన్నా. రెండు గంటలు కాకముందే దింపేసినారు. నీ సినిమా లెక్కన సూస్తే టికెట్టు దండగ.

మన కీర్తన నడిమిట్లో నిలబడి, నోరు తెరవకుండా, బెల్టు ఎట్ల పెట్టుకోవాల, తలుపులు యాడుండాయని చేతులతో సెప్పింది. ఎవురూ సూడలేదు, అందరూ ఫోన్లలో ఉండారు. నేను ఒక్కదాన్నే కన్నార్పకుండా సూసినా. అయిపోయినాక సప్పట్లు కొట్టినా. ఆ పిల్ల సిగ్గుపడింది, తర్వాత నీళ్ళు తెచ్చి "మేడమ్, వాటర్" అని నవ్వింది. నామోషీ మాట అక్కడికి తీరిపోయింది.

విమానం లేసినప్పుడు కింద బెంగళూరు కనపడింది. ఆ ఇండ్లలో యాడో ఆ ఫ్యాక్టరీ ఉండాల. ఉండాదో లేదో కూడా తెలీదు. అప్పుడు ఏడ్చినా. భయంతో కాదు. ఇరవై రెండేండ్లకి నాకు రావాల్సిన ట్యాక్సీ అరవై ఆరేండ్లకి వచ్చింది గదా అని. వైజాగులో మెట్లు దిగి, కొంగు సర్దుకోని, నిజంగానే ట్యాక్సీ ఎక్కినా. డ్రైవరు యాడికి అన్నాడు. సముద్రం కాడికి అన్నా. బానే ఉండాది, శబ్దం ఎక్కువ.

నీ ఉత్తరం ఎన్నిసార్లు సదివినానో సెప్పను. నీ మీద కోపం పోలేదు. పోవాలని నువ్వు అడగలేదు, నేను పోగొట్టుకోను. నేను వచ్చేసినాక కూడా నువ్వూ నాయనా తొమ్మిదేండ్లు మాట్లాడకుండా అన్నం తిన్నారనే మాట మాత్రం నాకు తెలీదు. తెలిసుంటే కుప్పం నుంచి బస్సెక్కి వచ్చి ఇద్దరికీ మధ్య కూర్చోనుండేదాన్ని.

మే నెలలో కీర్తన ఇంకో రెండు టికెట్లు తీస్తాదంట. మీ బావకి కాటా సాలు. ఒకటి నాకు, ఒకటి నీకు. కిటికీ నాది. చెవి మిషను డబ్బాలో పెట్టి ఇంట్లోనే వదిలేసి రా. విమానంలో ఎవురు ఎవురో, మైకులో ఏం సెప్తాండారో, ఆఖరికి ఏమవుతాదో, అంతా నీ పక్కన కూర్చోని, నీ చెవిలో అరిసి నేనే సెప్తా. నేను ఏది సెప్తే అది నమ్మాల. నలభై నాలుగేండ్లు నేను నమ్మలేదా?

నీ చెల్లెలు
స్వర్ణ